మొక్కల అక్వేరియంలో లైటు వల్ల నీళ్లు ఎంత వేడెక్కుతాయి? కనుక్కునే పద్ధతి, తగ్గించే వరుస

ఏప్రిల్ వచ్చిందంటే శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి నన్ను అందరూ ఒకే మాట అడుగుతారు. "లైటు వేస్తే నీళ్లు వేడెక్కిపోతున్నాయి, లైటు మార్చేయమంటారా?" అడిగినవాళ్లలో సగం మంది అప్పటికే కొత్త లైటు ధర కూడా కనుక్కుని ఉంటారు.

నా జవాబు ఎప్పుడూ ఒకటే. మూడు రోజులు కొలవండి, ఆ తర్వాతే డబ్బు తీయండి. ఇప్పుడు చాలామంది వాడుతున్నవి ఎల్‌ఈడీలే. వాటి కింద నీళ్లు వేడెక్కాయంటే అసలు కారణం లైటు కాక మూతో, మోటారో, గోడో అయ్యే అవకాశం ఎక్కువ. పాత టీ5 ట్యూబులు (సన్నటి ట్యూబులైట్లు), సీఎఫ్‌ఎల్‌లు మూసిన హుడ్‌లో, అంటే లైటు బిగించి ఉండే మూతలో, వాడేవాళ్ల సంగతి వేరు. అక్కడ లైటు నిజంగానే దోషి. మీ ఇంట్లో ఏది నిజమో ఊహతో తేలదు.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- థర్మామీటర్లు రెండు: ఒకటి నీళ్లలో, ఒకటి గదిలో
- ట్యాంకు కొలవడానికి టేపు
- లైటు, మోటారు, ఎడాప్టర్ల మీద రాసి ఉన్న వాట్లు
- ప్లగ్గులో పెట్టే టైమర్
- పల్చటి నూలు గుడ్డ ముక్క (ఎందుకో 8వ భాగంలో చెబుతాను)
- ఒక నోట్‌బుక్కు

అద్దం మీద అంటించే స్టిక్కర్ థర్మామీటరును ఈ పనికి నమ్మకండి. దానికి ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు గది గాలి. రెండింటికీ మధ్య ఏదో అంకె చూపిస్తుంది. నీళ్లలో మునిగే గాజుది గానీ, వైరు చివర సెన్సర్ ఉన్న డిజిటల్‌ది గానీ తీసుకోండి.

కొన్న థర్మామీటరు సరిగా ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు వేసి, ఐసు తడిసేంత నీళ్లు పోసి, బాగా కలిపి, ఐదు నిమిషాల తర్వాత థర్మామీటరు ముంచండి. సున్నా చూపించాలి. 0.8 చూపిస్తే, ఇక మీదట ప్రతి అంకెలోంచీ 0.8 తీసేయండి. రెండు థర్మామీటర్లకూ ఈ పరీక్ష చేయండి. మనం వెతికేది ఒక డిగ్రీ, అర డిగ్రీ తేడాలను కాబట్టి ఈ పని వదిలేస్తే తర్వాత చేసేదంతా వృథా.

## 2. మీ ట్యాంకుకు ఒక డిగ్రీ అంటే ఎంత వేడి?

ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి దాదాపు 1.16 వాట్-అవర్ల శక్తి కావాలి. లెక్క గుర్తుండడానికి నేను రెండడుగుల ట్యాంకును ఉదాహరణగా తీసుకుంటాను. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు అంటే 54 లీటర్లు. అడుగున మట్టి, రాళ్లు, పైన ఖాళీ తీసేస్తే నీళ్లు 45 లీటర్ల వరకు ఉంటాయి. దానికి ఒక డిగ్రీ అంటే సుమారు 52 వాట్-అవర్లు.

ఇప్పుడు మీ సామాను వాట్లను అది నడిచే గంటలతో గుణించండి. వచ్చేవి వాట్-అవర్లు.

- 20 వాట్ల ఎల్‌ఈడీ, 7 గంటలు: 140
- 24 వాట్ల టీ5 ట్యూబులు రెండు, 8 గంటలు: 384
- నీళ్లలో మునిగి ఉండే 15 వాట్ల ఫిల్టర్ మోటారు, 24 గంటలు: 360

ఈ మూడో అంకె దగ్గర ఆగండి. ఎల్‌ఈడీ వాడే కరెంటులో వెలుగుగా మారేది కొంతే. మిగతాది వేడిగా మారి లైటు వీపు మీద ఉండే అల్యూమినియం రెక్కల నుంచి గాల్లోకి పోతుంది. మునిగి ఉన్న మోటారుకు ఆ దారి లేదు. అది తీసుకున్న కరెంటంతా చివరికి నీళ్లలోనే వేడిగా దిగుతుంది, పైగా రాత్రీ పగలూ. అంటే చాలా ఇళ్లలో లైటు కంటే మోటారే నీళ్లకు ఎక్కువ వేడి ఇస్తోంది. ఏడు గంటలు కళ్ల ముందు వెలిగేదాని మీదకే మన అనుమానం పోతుంది.

ఇది పైపై లెక్క మాత్రమే. వచ్చిన వేడిలో కొంత అద్దాల ద్వారా, కొంత ఆవిరి ద్వారా బయటికి పోతూనే ఉంటుంది. నిజంగా మిగిలేది ఎంతో పరీక్షే చెబుతుంది.

## 3. లైటు రకాన్ని బట్టి వేడి ఎటు పోతుంది

ఎల్‌ఈడీ: కిందికి వచ్చే వెలుగులో పరారుణ కిరణాలు (కంటికి కనిపించని వేడి కిరణాలు) దాదాపు ఉండవు. వేడంతా వీపు వైపు. రెక్కలు చేతికి చురుక్కుమన్నాయంటే అది నీళ్లను కాలుస్తోందని అర్థం కాదు. వేడి సరైన వైపుకే పోతోందన్నమాట. అయితే అదే ఎల్‌ఈడీని మూసిన ప్లాస్టిక్ హుడ్‌లో బిగిస్తే వీపు వేడి మూత కిందే చిక్కుకుపోతుంది.

టీ5, సీఎఫ్‌ఎల్: గొట్టం చుట్టూ అన్ని వైపులా వేడి. చోక్ కూడా హుడ్‌లోనే ఉంటే మరీ ఎక్కువ.

మెటల్ హాలైడ్ (బాగా ప్రకాశించే పాత రకం దీపం): ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే, వేడి కిరణాలు నేరుగా నీళ్ల మీద పడతాయి. మన వేసవిలో రెండడుగుల ట్యాంకు మీద ఇది వద్దు.

ఏ లైటు అయినా దాని వెలుగు నీళ్లలో, మట్టిలో, ఆకుల్లో ఇంకిన తర్వాత చివరికి వేడిగానే మారుతుంది. "చల్లటి లైటు" అని అట్టపెట్టె మీద రాసి ఉన్నా వేడి బొత్తిగా రాదనుకోకూడదు.

## 4. మూడు రోజుల పరీక్ష

ఇది ఓపికగా చేయండి. మబ్బు పట్టిన రోజుల్లో మొదలుపెట్టకండి. మూడు రోజులూ ఎండ ఇంచుమించు ఒకేలా ఉండాలి.

రోజూ ఐదుసార్లు నీటి వేడి, గది వేడి రెండూ రాయండి: ఉదయం 6, మధ్యాహ్నం 12, 3, సాయంత్రం 6, రాత్రి 10. గది థర్మామీటరును ట్యాంకుకు రెండడుగుల దూరంలో, అదే ఎత్తులో, ఎండ గానీ ఫ్యాను గాలి గానీ తగలని చోట పెట్టండి.

1. మొదటి రోజు: అంతా రోజూ ఉన్నట్టే. లైటు, మూత, మోటారు ఏదీ మార్చకండి.
2. రెండో రోజు: లైటు పూర్తిగా ఆపండి. మూత అలాగే ఉంచండి. ఒక్క రోజు చీకట్లో ఉంటే మొక్కలకు ఏమీ కాదు.
3. మూడో రోజు: లైటు మామూలుగా వెలిగించండి. మూత తీసేసి, చేపలు దూకకుండా దోమతెర గుడ్డ కప్పండి. లైటును స్టాండు మీద గానీ వైరుతో పైకి కట్టి గానీ ఉంచండి.

ట్యాంకు 100 లీటర్లు దాటితే ఒక్కో పద్ధతికి రెండేసి రోజులు ఇవ్వండి. పెద్ద నీళ్లు నిన్నటి వేడిని ఇవాళ్టికి మోసుకొస్తాయి.

ఇప్పుడు నీటి వేడిలోంచి గది వేడి తీసేయండి. మనం పోల్చాల్సింది ఆ తేడాలనే. సాయంత్రం 6 గంటల అంకెలు ఇలా వచ్చాయనుకోండి:

- మొదటి రోజు: నీళ్లు 32.4, గది 32.0. తేడా +0.4
- రెండో రోజు: నీళ్లు 31.8, గది 32.1. తేడా −0.3
- మూడో రోజు: నీళ్లు 30.9, గది 32.0. తేడా −1.1

మొదటి రోజుకూ రెండో రోజుకూ మధ్య 0.7. అది లైటు వాటా. మొదటి రోజుకూ మూడో రోజుకూ మధ్య 1.5. అది మూత వాటా. ఇలా వచ్చినవాళ్లు వేల రూపాయలు పెట్టి లైటు మార్చినా దక్కేది ముప్పావు డిగ్రీ లోపే. మూత తీస్తే ఖర్చు లేకుండా దానికి రెట్టింపు దక్కుతుంది.

- లైటు వాటా అర డిగ్రీ లోపు: లైటును వదిలేయండి
- అర నుంచి ఒక డిగ్రీ: ఎత్తు, వేళలు మార్చండి
- ఒక డిగ్రీ దాటితే: హుడ్ గానీ లైటు రకం గానీ మార్చాలి

నీళ్లు పగలంతా, లైటు ఆపిన రోజు కూడా, గది కంటే ఒకటి రెండు డిగ్రీలు పైనే ఉన్నాయంటే మోటారును గానీ నేరుగా పడే ఎండను గానీ అనుమానించండి. ఉదయం 6 గంటల అంకెను ఇందుకు వాడకండి. తెల్లవారేసరికి గది చల్లబడినా నీళ్లు ఆలస్యంగా చల్లబడతాయి. అప్పుడు నీళ్లు పైన ఉండటం మామూలే.

## 5. ముందు ట్యాంకు ఉన్న చోటు చూడండి

పడమటి గోడకు ఆనించిన ట్యాంకు, స్లాబు కింద పై అంతస్తులో ఉన్న ట్యాంకు లైటు ఉన్నా లేకపోయినా వేడెక్కుతాయి. స్లాబు పగలంతా కాగి, సాయంత్రం నుంచి రాత్రి పది వరకు ఆ వేడిని గదిలోకి వదులుతుంది. మీ నోట్‌బుక్కులో రాత్రి 10 గంటల గది అంకె మధ్యాహ్నం 3 గంటల గది అంకె కంటే ఎక్కువగా ఉంటే కారణం ఇదే. పెంకుటింట్లో, కింద గదుల్లో ఈ బాధ తక్కువ.

- గోడకూ ట్యాంకుకూ మధ్య నాలుగు వేళ్ల సందు ఉంచండి
- కిటికీ ఎండ ట్యాంకు మీద పడుతుంటే తెల్లటి తెర కట్టండి
- ట్యాంకు స్టాండు లోపల ఎడాప్టర్లు, ఇన్వర్టరు ఉంటే బయటికి తీయండి

నిండా నీళ్లున్న ట్యాంకును జరపకండి. 45 లీటర్లే కదా అనిపిస్తుంది గానీ రాళ్లూ మట్టీ కలిసి అతుకుల మీద పడే బరువు తక్కువ కాదు.

## 6. మూత, లైటు ఎత్తు

మే నెలలో సాయంత్రం నాలుగింటికి మూసి ఉన్న హుడ్ ఎత్తి చూడండి. మొహానికి ఆవిరి కొడుతుంది. మూత లోపలి వైపు పెద్ద పెద్ద చుక్కలు పట్టి, అవి తిరిగి నీళ్లలోకే జారుతుంటాయి. నీరు ఆవిరిగా పోతూ తీసుకెళ్లాల్సిన వేడి మళ్లీ ట్యాంకులోకే వస్తోందన్నమాట.

ఒక లీటరు నీరు ఆవిరైతే దాదాపు 670 వాట్-అవర్ల వేడిని తనతో తీసుకుపోతుంది. అర లీటరు ఆవిరైతే చాలు, ఇందాకటి 15 వాట్ల మోటారు రోజంతా ఇచ్చిన వేడి ఇంచుమించు పోయినట్టే. మూత తీయడంలో ఉన్న బలం ఇది.

చేయాల్సిన వరుస:

1. గట్టి మూత తీసి నైలాన్ దోమతెర ఫ్రేము పెట్టండి. ఇనుప జాలీ వద్దు. మన తీరపు గాలికి నెలలోనే తుప్పు పడుతుంది.
2. లైటును నీటి మట్టానికి 15 నుంచి 20 సెంటీమీటర్ల పైకి ఎత్తండి. మధ్యలో గాలి ఆడాలి.
3. ఎడాప్టర్, చోక్ హుడ్‌లో ఉంటే బయటికి తెప్పించండి. వైరింగు చేతకాకపోతే ఎలక్ట్రీషియన్ చేత చేయించండి.
4. ఎల్‌ఈడీ రెక్కల మధ్య దుమ్మును నెలకోసారి కుంచెతో దులపండి, ప్లగ్గు తీసేశాకే.
5. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా వంపు ఇవ్వండి. వైరు మీదుగా జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే కింద పడుతుంది, ప్లగ్గులోకి పోదు.

లైటు ఎత్తితే అడుగున ఉన్న మొక్కలకు వెలుగు తగ్గుతుంది. వెంటనే గంటలు పెంచేయకండి. రెండు వారాలు చూడండి. కొత్త ఆకులు సాగి, కాడలు పొడవై, మొక్క పైకి ఎగబాకుతుంటే అప్పుడు అరగంట పెంచండి.

## 7. లైటు వేళలు

పైసా ఖర్చు లేని మార్పు ఇదే. అయినా ఎక్కువమంది చేయనిది కూడా ఇదే. ట్యాంకు నీళ్లు అన్నిటికంటే చల్లగా ఉండేది తెల్లవారుజామున. అన్నిటికంటే వేడిగా ఉండేది గది వేడి తగ్గడం మొదలైన తర్వాత, సాయంత్రం ఐదు నుంచి ఏడు మధ్య. మనవాళ్లు ఎక్కువగా లైటు పెట్టేది మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి తొమ్మిది. అంటే నీళ్లు అత్యధిక వేడికి చేరే వేళకే లైటు వేడి కూడా వచ్చి కలుస్తోంది.

ఏప్రిల్ నుంచి తొలకరి దాకా నేను పెట్టుకునే వేళలు ఉదయం 5:30 నుంచి 11:30. ఆరు గంటలు. మధ్యాహ్నం, సాయంత్రం లైటు లేదు.

ఉద్యోగానికి వెళ్లి రాత్రికి ఇల్లు చేరేవాళ్లకు ఇది నచ్చదు. ఇంత ప్రేమగా పెంచుకున్న ట్యాంకును చూసుకోలేకపోవడం కష్టమే. వాళ్లకు రెండు విడతలు చెబుతాను: ఉదయం 5:30 నుంచి 9:30, రాత్రి 8 నుంచి 10. మొత్తం ఆరే గంటలు. మధ్యలో చీకటి వచ్చినంత మాత్రాన మొక్కలు పాడవవు.

- మార్పు ఒక్కరోజులో చేయండి, నెమ్మదిగా జరపనక్కర్లేదు
- కరెంటు పోతే ఆగిపోయే టైమరైతే వారానికోసారి సమయం సరిచూడండి
- మొక్కల కోసం కార్బన్ డయాక్సైడ్ సిలిండరు వాడుతుంటే దాన్ని కూడా కొత్త వేళలకు మార్చండి, లైటుకు గంట ముందు మొదలయ్యేలా

వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.3 మిల్లీగ్రాముల దాకా ఉండేది 30 దగ్గర 7.5కు దిగుతుంది. చేపకేమో వేడికి ఊపిరి అవసరం పెరుగుతుంది. అందుకే వేసవిలో కార్బన్ డయాక్సైడ్ బుడగలు తగ్గించండి. రాత్రి పూట మొక్కలు కూడా ప్రాణవాయువునే పీల్చుకుంటాయి కాబట్టి గాలి పంపు రాత్రంతా నడపండి.

## 8. ఫ్యాను, తడిగుడ్డ పరీక్ష

ఇంత చేసినా నీళ్లు 30 దాటుతుంటే ఫ్యాను పెట్టాలి. కంప్యూటర్లలో వాడే 12 వోల్టుల చిన్న ఫ్యాను, దానికి సరిపడే ఎడాప్టర్ చాలు. గాలి నీటి మీద ఏటవాలుగా, ఒక చివర నుంచి ఇంకో చివరకు పోవాలి. నిట్టనిలువుగా కిందికి కొట్టిస్తే తడిగాలి అక్కడే సుడి తిరుగుతుంది.

ఫ్యాను ఎంత పనిచేస్తుందో కొనకముందే తెలుసుకోవచ్చు. మంచినీళ్ల కుండ మనకు తెలిసిందే. పొడి గాలి వీస్తే నీళ్లు చల్లగా ఉంటాయి. ఉక్కపోత రోజున కుండ చల్లదనం ఇవ్వదు. ట్యాంకు మీద ఫ్యానుదీ అదే కథ.

గది థర్మామీటరు మొనకు తడి నూలు గుడ్డ చుట్టి, ఐదు నిమిషాలు టేబుల్ ఫ్యాను ముందు పట్టుకోండి. అంకె దిగి దిగి ఒకచోట ఆగుతుంది. ఎంత పెద్ద ఫ్యాను పెట్టినా నీళ్లు ఆ అంకె కంటే కిందికి దిగవు. నా అనుభవంలో అయితే దానికి ఒకటిన్నర, రెండు డిగ్రీల పైనే ఆగుతాయి.

కళింగపట్నం, భీమిలి దారి, శ్రీకాకుళం పట్టణం లాంటి చోట్ల గదిలో 33 డిగ్రీలు, తేమ 72 శాతం ఉంటే తడిగుడ్డ అంకె 28.7 దగ్గర ఆగుతుంది. నీళ్లు 30, 31కి మించి తగ్గుతాయని ఆశపడకండి. బొబ్బిలి వైపు లోపలికి వెళ్తే పొడి గాడ్పు రోజున గదిలో 38 ఉన్నా, తేమ 37 శాతమైతే తడిగుడ్డ 26 చూపిస్తుంది. అక్కడ గది ఎక్కువ కాగుతున్నా ఫ్యాను బాగా పనిచేసి నీళ్లను 28 దగ్గరకు తేగలదు. అందుకే ఒక ఊరివాళ్ల సలహా ఇంకో ఊరికి సరిపోదు.

ఫ్యానుకు టెంపరేచర్ కంట్రోలర్ తగిలిస్తే మంచిది. 29 దగ్గర మొదలై 28 దగ్గర ఆగేలా పెట్టండి. అది లేకపోతే ఉదయం పది నుంచి రాత్రి పది వరకు టైమర్ మీద నడపండి.

కలపాల్సిన నీళ్లు: ఫ్యాను పెట్టాక రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా నీళ్లు తగ్గుతాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పులు లోపలే మిగిలిపోతాయి. బోరు నీళ్లే పోస్తూ పోతే నెలలో ఉప్పులు పేరుకుని నీళ్లు కఠినమవుతాయి. తగ్గిన మేరకు ఆర్‌వో నీళ్లు గానీ పట్టి ఉంచిన వాననీళ్లు గానీ పోయండి. ఏసీ నుంచి కారే నీళ్లు వద్దు. అవి రాగి గొట్టాల మీదుగా వస్తాయి, రాగి రొయ్యలకూ నత్తలకూ విషం.

## 9. మొక్కల్లో వేడి దెబ్బ గుర్తులు

లైటు ఎక్కువైనా ఆకులు పాడవుతాయి, వేడి ఎక్కువైనా పాడవుతాయి. రెండూ కలగాపులగం చేసుకుని మందులు పోసేవాళ్లను చూశాను.

వేడి దెబ్బ తిన్న క్రిప్టోకోరిన్ ఆకు ముందు గాజులా పారదర్శకమవుతుంది. వేళ్ల మధ్య పట్టుకుంటే జిగురుగా జారిపోతుంది. అలాంటి ఆకులు తీసేయండి, వేరు మాత్రం పీకకండి. నీళ్లు చల్లబడ్డాక మళ్లీ చిగురిస్తుంది. జావా ఫెర్న్ ఆకుల మీద నల్లటి మచ్చలు పరుచుకుంటాయి. మొక్కలుగా పెంచే నాచు (మాస్) రకాలు మధ్యలో గోధుమ రంగుకు తిరుగుతాయి. లైటు ఎక్కువైతే కనిపించేవి వేరు: ఆకుల అంచున ఆకుపచ్చ పాచి చుక్కలు, అద్దం మీద రోజూ పేరుకునే పాచి.

మన వేసవిని బాగా ఓర్చుకునేవి వాలిస్నేరియా, హైడ్రిల్లా, హార్న్‌వర్ట్, అనూబియాస్. చేపల్లో గప్పీలు, మోలీలు, ఏంజెల్‌లు, ఫైటర్‌లు ఫర్వాలేదు. నియాన్ టెట్రాలకు 27 దాటితే కష్టం. డిస్కస్‌కు 28 నుంచి 30 సొంత ఇల్లు లాంటిది, కానీ ఆ వేడిలో అన్ని మొక్కలూ నిలవవు.

## 10. నీళ్లు 33 దాటిన రోజు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో కరెంటు కూడా పోతే ఈ వరుసలో వెళ్లండి.

1. లైటు ఆపండి. రెండు రోజులు వెలగకపోయినా మొక్కలు బతుకుతాయి.
2. గాలి పంపు పెట్టండి. బ్యాటరీతో నడిచేది ఒకటి ఇంట్లో ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానం వైపు రోజుల తరబడి కరెంటు లేని సంగతి మరిచిపోలేం.
3. మేత ఆపండి.
4. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన అర లీటరు సీసాను మూత బిగించి నీటిపై తేలనివ్వండి. అది పూర్తిగా కరిగితే 45 లీటర్ల ట్యాంకు దాదాపు 1.25 డిగ్రీలు దిగుతుంది. ఒకేసారి రెండు వేయకండి. గంటకు ఒక డిగ్రీకి మించి దించకూడదు.

చేపలు ఎప్పుడు పైకి వచ్చి నోరు తెరుస్తున్నాయో కూడా చూడండి. సాయంత్రం ఆరింటికైతే వేడి వల్ల. తెల్లవారుజామున ఐదింటికైతే రాత్రంతా ప్రాణవాయువు తరిగిపోవడం వల్ల. మొదటిదానికి ఫ్యాను, రెండోదానికి గాలి పంపు.

## 11. తరచూ జరిగే పొరపాట్లు

మధ్యాహ్నం నీళ్లు మార్చడం. మేడ మీద నల్ల ట్యాంకులో నీళ్లు మే నెల మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. ఒకసారి నేను చెయ్యి పెట్టి చూడకుండానే కుళాయి పైపు నేరుగా ట్యాంకులో వదిలాను. అరగంటలో నాలుగు టెట్రాలు పోయాయి. ఇప్పటికీ ఆ పైపు పట్టుకుంటే అదే గుర్తొస్తుంది. రాత్రే బకెట్లో పట్టి, క్లోరిన్ తీసే మందు వేసి, తెల్లవారాక థర్మామీటరుతో చూసి పోయండి.

ఐసు ముక్కలు నేరుగా వేయడం. అవి పడ్డచోట నీళ్లు ఒక్కసారిగా చల్లబడతాయి. పైగా ఐసులో ఏ నీళ్లున్నాయో అవే ట్యాంకులో కలుస్తాయి.

వేడికి భయపడి లైటు రెండు గంటలకు తగ్గించడం. వారం రోజులైతే ఫర్వాలేదు. నెల అయితే మొక్కలు చిక్కిపోయి, అవి పీల్చుకోవాల్సిన ఎరువులు నీళ్లలోనే మిగిలిపోయి, పాచి కమ్ముకుంటుంది. ఆరు గంటల కంటే కిందికి పోకండి.

మోటారు రాత్రి ఆపడం. అది వేడి ఇస్తోందని ఇందాక నేనే చెప్పాను. అలాగని ఆపకండి. ఫిల్టర్‌లో ఉండే మేలు చేసే బ్యాక్టీరియాకు నీటి ప్రవాహమే ఊపిరి. తక్కువ వాట్ల మోటారుకు గానీ, మోటారు బయట ఉండే ఫిల్టరుకు గానీ మారండి.

అన్నీ ఒకేరోజు మార్చడం. మూత తీసి, లైటు ఎత్తి, ఫ్యాను పెట్టి, వేళలు మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒక్కో మార్పుకు మూడు రోజులివ్వండి, అంకెలు రాయండి.

## 12. చలికాలానికి తిప్పి పెట్టుకోవడం

కార్తీకం వచ్చేసరికి ఈ ఏర్పాటంతా వెనక్కి తిప్పాలి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చిన్న ట్యాంకు నీళ్లు బాగా చల్లబడతాయి. వేసవిలో పెట్టిన ఫ్యాను అలాగే తిరుగుతుంటే చేపలకు తెల్లమచ్చల జబ్బు తగులుకోవచ్చు.

- ఫ్యాను తీసి, తుడిచి, పొడి డబ్బాలో పెట్టండి
- అద్దం మూత తిరిగి పెట్టండి, ఒక మూల రెండు వేళ్ల సందు ఉంచి
- లైటు వేళలు సాయంత్రానికి మార్చండి. రాత్రి చలి మొదలయ్యే వేళకు దాని కొద్దిపాటి వేడి ఇప్పుడు సాయపడుతుంది
- ఉదయం 6 గంటల అంకె 22 కంటే కిందికి దిగితే హీటరు వేసి 24 దగ్గర పెట్టండి
- మళ్లీ మార్చి మొదటి వారంలో మూడు రోజుల పరీక్ష కొత్తగా చేయండి. ఈలోగా మొక్కలు పెరిగి ఉంటాయి, లైటు పాతబడి ఉంటుంది, నిరుటి అంకెలు పనికిరావు